రంగం పెట్టెలో దొరికిన పెద్దమ్మ

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. ఎవరో పోల్చుకునే వివరాలు తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆమెకు 37 ఏళ్ళు, స్కూల్లో టీచరు, తొమ్మిదేళ్ళ కొడుకున్నాడు. పోయినేడాది వాళ్ళ అమ్మమ్మ కాలం చేశారు. వయసు 88 ఉండొచ్చట. పుట్టిన తేదీ ఏ కాగితంలోనూ లేదు. వీధిలో అందరికీ ఆవిడ ‘బర్మా మామ్మ’. తాతగారు చిన్నతనంలో వాళ్ళ నాన్న వెంట రంగం, అంటే బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్, వెళ్ళారు. 1942లో యుద్ధానికి భయపడి అడవుల్లో నడిచి వచ్చేశారు. 1946లో మళ్ళీ వెళ్ళి, రంగూన్ నదికి అవతల దలాలో చిన్న కిరాణా కొట్టు పెట్టారు. 1964లో ఆ కొట్టు సర్కారు లాగేసుకుంది. మరుసటేడు భార్యనీ ఆరేళ్ళ కొడుకునీ వెంటబెట్టుకుని ఓడలో విశాఖ రేవులో దిగారు. 1967లో పాఠకురాలి తల్లి ఇక్కడే పుట్టారు. ఇంట్లో చెప్పుకునే కథ ఇంతే. అమ్మమ్మ ముఖం పోలిక గురించి ఎవరైనా అడిగితే, “వాళ్ళమ్మది నేపాలు వైపు” అని తాతగారు మాట దాటేసేవారట.

పెద్దకర్మ అయ్యాక మంచం కింద ఉన్న టేకు పెట్టె తెరిచారు. అందులో పూల అద్దకం బర్మా లుంగీలు రెండు, ప్రయాణపు కాగితాలు, కాందిశీకుల కార్డు, బర్మా అక్షరాల్లో నాలుగు ఉత్తరాలు ఉన్నాయి. ఆఖరి ఉత్తరం మీద ముద్ర 1971ది. వాటితోపాటు బర్మాలోని పెగూ అనే ఊళ్ళో తీయించుకున్న స్టూడియో ఫోటో ఒకటి. కాగితాల్లో అమ్మమ్మ పేరు బర్మా పేరు, తండ్రి పేరూ అంతే, మతం బౌద్ధం. ఫోటోలో ఆవిడ పక్కన ఐదేళ్ళ మావయ్య, అతని చెయ్యి పట్టుకుని తొమ్మిదేళ్ళ అమ్మాయి నిలబడి ఉన్నారు. వెనక తాతగారి చేతిరాతలో తెలుగులో ‘పెద్దమ్మాయి, అబ్బాయి’ అని ఉంది.

అప్పటి నుంచీ ఇంట్లో శాంతి లేదు. తల్లి “నాకొక అక్క ఉందా, అమ్మ దాన్ని వదిలేసి వచ్చిందా” అని తిండి మానేశారు, ఎలాగైనా వెతకమంటున్నారు. 66 ఏళ్ళ మావయ్య, ఆ పిల్ల ఎవరో పొరుగింటిదన్నారు. కూతురికి సంబంధం చూస్తున్నాం, ఇప్పుడు ఈ గోల బయటపెడితే పెళ్ళి చెడుతుంది, పెట్టెలో కాగితాలన్నీ కాల్చెయ్యండి అంటున్నారు. అవి మన చేతుల్లో ఉంటే రేపు మనల్ని విదేశీయులంటారనీ, తల్లిదండ్రుల పెళ్ళికి కాగితమే లేదు కాబట్టి తమని ఏమంటారోననీ ఆయన భయం. ఈలోగా పాఠకురాలు కొడుకు కోసం కుటుంబ చరిత్ర రాయడం మొదలుపెట్టి, ఫోటోని ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మావయ్య గ్రూపులోంచి వెళ్ళిపోయారు, ఫోన్లు ఎత్తడం లేదు.

“అరవై ఏళ్ళు నోరు విప్పని మనిషి కథ నేను రాయడం ద్రోహమా? పెద్దమ్మను వెతకాలా? మావయ్య మాట వినాలా?” అని అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మనిషి మీ అమ్మమ్మ కాదు, మీ మావయ్య. ఓడ ఎక్కేనాటికి ఆయనకు ఆరేళ్ళు. ఫోటోలో ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఉన్నారు. ఆరేళ్ళ పిల్లాడు తనను ఎత్తుకు తిప్పిన అక్కను మరిచిపోడు. మీ అమ్మగారికి ఈ అక్క నిన్నమొన్న పుట్టింది. ఆయనకు మాత్రం అరవై ఏళ్ళుగా ఉంది. పెళ్ళి చెడుతుందన్న భయం నిజమే కావచ్చు. దాని అడుగున ఇంకొకటి ఉందని నాకనిపిస్తోంది. రేవులో నిలబడిన రోజు, లేదా పెగూలో అక్కను దించేసిన రోజు, అంత పసివాడికి పెద్దలు “ఇక అక్క పేరెత్తకు” అని చెప్పి ఉంటే? కొత్త ఊళ్ళో, కొత్త భాషలో ఆ మాట నిలబెట్టుకుంటూనే పెరిగి ఉంటే? ఆయన అబద్ధం చెప్పారని పట్టుకోవాలని చూడకండి. ఆయన చిన్నప్పుడు అప్పజెప్పిన కాపలా ఇంకా కాస్తున్నారేమో.

మీరు చేసిన పొరపాటు ఒకటే. ఫోటోని ఆయనకు విడిగా చూపించకుండా ఇరవైమంది మధ్యలో పెట్టారు. దానికి క్షమాపణ అడగండి, ఫోన్‌లో కాదు, ఇంటికి వెళ్ళి. వెళ్ళాక “ఈ పిల్ల ఎవరు మావయ్యా” అని మాత్రం అడగొద్దు. దానికి ఆయన జవాబు చెప్పేశారు, మాట వెనక్కి తీసుకోవడం కష్టం. “ఓడ ఎక్కిన రోజు నీకేం గుర్తుంది” అని అడగండి. చెబితే వినండి. చెప్పకపోతే టీ తాగి వచ్చేయండి. ఇంకోసారి వెళ్ళండి.

ఇప్పుడు కాగితాల సంగతి. మిగతావాటిలో మీకు దారులు చూపిస్తాను గానీ, ఇందులో ఒకటే మాట చెబుతాను. ఏ కాగితమూ కాల్చొద్దు. మావయ్య భయం తలకిందులుగా ఉంది. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు మన దేశంలో పుట్టినవాళ్ళు, తల్లిదండ్రులు ఏ దేశస్థులైనా, సాధారణంగా పుట్టుకతోనే పౌరులు. మీ అమ్మగారు 1967లో విశాఖలో పుట్టారు, కాబట్టి ఆవిడకు ఏ చిక్కూ లేదు. ఇంట్లో పరదేశంలో పుట్టింది మావయ్య ఒక్కరే. ఆయన హక్కు నిలబడేది తండ్రి భారతీయుడని చూపించే పత్రాల మీద, కాందిశీకుల కార్డు మీద. అంటే ఆయన కాల్చమంటున్నది ఆయనకున్న రుజువునే. ఆ కాగితాలన్నీ ఒకసారి మంచి లాయరుకు చూపించి, ధ్రువీకరించిన నకళ్ళు తీయించి, అసలువి మావయ్య చేతికే ఇచ్చేయండి. వాటిని ఆయన దగ్గర పెట్టడం ప్రమాదమని మీకు అనిపించొచ్చు. తీసేసుకున్నవాళ్ళ మీద కన్నా అప్పజెప్పినవాళ్ళ మీద మనిషికి నమ్మకం పుడుతుంది. నకళ్ళు ఎలాగూ మీ దగ్గర ఉంటాయి.

పెళ్ళి కాగితం లేదన్న దిగులు కూడా ఆ కాలం తెలియక వచ్చింది. బర్మా బౌద్ధుల ఆచారంలో పెళ్ళికి తంతు తప్పనిసరి కాదు. ఆడా మగా ఒక కప్పు కింద భార్యాభర్తలుగా బతుకుతూ, చుట్టూ ఉన్నవాళ్ళు అలా గుర్తిస్తే అది పెళ్ళే. పరమతం వాళ్ళను చేసుకున్న బౌద్ధ స్త్రీలకు అన్యాయం జరగకూడదని అక్కడ 1939లో ఒక చట్టం, స్వాతంత్ర్యం వచ్చాక 1954లో మరో చట్టం చేశారు. మీ తాతగారిలాంటి మగవాళ్ళు, మీ అమ్మమ్మలాంటి ఆడవాళ్ళు అంతమంది ఉన్నారు కాబట్టే చట్టం అవసరమైంది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే, అందులో మగవాళ్ళే చాలా ఎక్కువ. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని, బిళ్ళకుర్రు, కోటిపల్లి లాంటి ఊళ్ళు వదిలి, కాకినాడలోనో కళింగపట్నంలోనో ఓడెక్కి, ధాన్యం మిల్లుల్లోకీ రేవు పనుల్లోకీ వెళ్ళినవాళ్ళు. భార్యలను వెంట తీసుకెళ్ళినవాళ్ళు కొద్దిమందే.

మీ అమ్మమ్మ అవతలి వైపు నుంచి ఏం దాటి వచ్చిందో కూడా చూడండి. మన వాళ్ళను అక్కడ ‘కోరంగీ’లు అనేవారు, కోరంగి రేవు పేరు మీదుగా. పోనుపోను అది తిట్టు అయింది. 1930 మే నెలలో రేవు కూలీలైన తెలుగువాళ్ళు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళను పెట్టారు. సమ్మె ముగిసి మనవాళ్ళు పనిలోకి వచ్చేసరికి గొడవ మొదలైంది, రంగూన్ వీధుల్లో తెలుగువాళ్ళను వెంటాడి చంపారు. 1938లో మళ్ళీ అల్లర్లు. అలాంటి నేల మీద ఒక బౌద్ధ పిల్ల కోరంగీని కట్టుకుందంటే ఆమె పుట్టింటి వీధి ఎలా చూసి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ మాటలు అక్కడ పడింది. ఇక్కడికి వచ్చాక నేపాలీ పోలిక అనే ముసుగు కింద బతికింది. మీరు రాశారే, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు సానరాయి మీద గంధం తీసి బుగ్గలకు పలచగా రాసుకునేదని. అక్కడ ఆడవాళ్ళు తనకా అనే చెట్టు బెరడు అరగదీసి అలాగే రాసుకుంటారు. గూట్లో తల కన్నా ఎత్తున రోజూ ఒక గ్లాసు నీళ్ళు పెట్టి, ఏ దేవుడమ్మా అంటే సత్యనారాయణస్వామి అనేదన్నారు. బుద్ధుడికి పొద్దున్నే నీళ్ళు సమర్పించడం అక్కడి ఇళ్ళలో అలవాటు. ఆవిడ నోరు విప్పకపోయినా మీ ఇంట్లో మీ కళ్ళముందే తన ఊరిని బతికించుకుంది.

అందుకే మీరు రాయడం ద్రోహమని నేననుకోను. పూర్తిగా దాచాలనుకుంటే ఆవిడకు అరవై ఏళ్ళు అవకాశం ఉంది, పొయ్యి పక్కనే ఉంది. కాల్చలేదు. ఆ మౌనం పిల్లల కోసం పట్టిన గొడుగు. ఆ పిల్లల్లో ఇద్దరు ఇంకా బతికే ఉన్నారు, కాబట్టి గొడుగు దింపాలో వద్దో ముందు వాళ్ళు చెప్పాలి. దాచిపెట్టడం వేరు, రాసుకోవడం వేరు, నలుగురిలో పెట్టడం వేరు. మీరు ఇవాళే రాయండి. మీ అమ్మగారికి, మావయ్యకు చదివి వినిపించండి. వాళ్ళు తీసేయమన్న ముక్క మీ నోటుబుక్కులో ఉంచుకుని, బయటకు ఇచ్చే ప్రతిలో తీసేయండి. మీ అబ్బాయికి మొదటిదే అందుతుంది.

ఇక ‘వదిలేసి వచ్చింది’ అన్న మాట. దీని గురించి మీ అమ్మగారితో నెమ్మదిగా మాట్లాడాలి. 1962 మార్చిలో సైన్యం గద్దెనెక్కింది. 1964 మార్చిలో కొట్లు జాతీయం చేశారు, మే నెలలో 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. కొట్టు పోయి, చేతిలో డబ్బు కాగితమైపోయి, లక్షలమంది ఓడల కోసం ఎదురుచూసిన రోజులవి. ఆ పిల్ల పేరు తండ్రి కాగితాల్లో ఎక్కలేదేమో. పెగూలో అమ్మమ్మ తల్లి ఒక్కతే ఉంటే ఆమెకు తోడుగా ఉంచారేమో. స్థిరపడ్డాక పిలిపించుకుందామనుకున్నారేమో. అలా అనుకున్నా దారి మూసుకుపోయింది. ఆ రోజుల్లో బర్మా వెళ్ళడానికి 24 గంటల వీసా ఇచ్చేవారు. 1970 ప్రాంతంలో దాన్ని ఏడు రోజులు చేశారు. కంచరపాలెంలో బర్మా క్యాంపు లాంటి చోట్ల బతుకు వెతుక్కుంటున్న కుటుంబానికి ఒక రోజు వీసాకు ఓడ ఖర్చులు ఎక్కడివి? ఇందులో ఏది జరిగిందో నాకు తెలియదు, మీకూ తెలియదు. ‘వదిలేసింది’ అని తీర్పు రాసేముందు మాత్రం ఇవన్నీ మీ అమ్మగారికి తెలియాలి. ఆవిడ కోపం తప్పని అనకండి. అక్కతో ఆడుకోవలసిన బాల్యం పోయిందన్న కోపం న్యాయమైనదే.

జవాబు ఆ నాలుగు ఉత్తరాల్లో ఉండొచ్చు. వాటిని విప్పాలా వద్దా అన్నది పిల్లలిద్దరూ కలిసి తేల్చుకోవాలి. బర్మా చదవగలిగిన పెద్దవాళ్ళు మన కాందిశీకుల కాలనీల్లో ఇంకా ఉన్నారు గానీ, మీ వీధికి దగ్గరివాళ్ళకు ఇవ్వకండి. మాట తిరిగి మీ కన్నా ముందు పెళ్ళివారికి చేరుతుంది. దూరపు ఊళ్ళో, మీరెవరో తెలియనివాళ్ళతో చదివించండి. చదివించేముందు ఒకటి ఆలోచించుకోండి. ఆ ఉత్తరాల్లో “నన్నెప్పుడు తీసుకెళ్తావమ్మా” అని ఉండొచ్చు, ఒక చావు కబురు ఉండొచ్చు, “ఇక రాయకు” అని కూడా ఉండొచ్చు. దేనికైనా సిద్ధమే అని మీ అమ్మగారు అంటేనే విప్పండి. ఇప్పుడు కాదంటే మంచి నూలుగుడ్డలో చుట్టి దాచండి, ప్లాస్టిక్ లామినేషన్ చేయించొద్దు, సిరా చెడుతుంది.

పెద్దమ్మను వెతకడం గురించి తొందరపడవద్దంటాను. మనకిక్కడ మౌనం ఉన్నట్టే ఆవిడకు అక్కడ మౌనం ఉండి ఉంటుందని మీ ఇంట్లో ఎవరైనా ఆలోచించారా? 1982లో బర్మా కొత్త పౌరసత్వ చట్టం తెచ్చి పౌరులను మూడు రకాలుగా విడదీసింది. భారతీయ తండ్రి అంటే కింది రకం అయ్యే ప్రమాదం. ‘కలా’ (అక్కడ భారతీయులను తక్కువ చేసి అనే మాట) కూతురన్న మాట పడకుండా ఆవిడ తండ్రి పేరే మార్చుకుని ఉండొచ్చు. ఆవిడ పిల్లలకు తమ తాత తెలుగువాడని తెలియకపోవచ్చు. మీ ఇంట్లో పెట్టె తెరిస్తే ఏమైందో చూశారు కదా, ఆవిడ ఇంట్లో పెట్టెను మనం బయటి నుంచి తెరిస్తే ఏమవుతుందో కూడా చూసుకోవాలి. పైగా 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ అధికారం లాక్కున్నప్పటి నుంచి ఆ దేశం యుద్ధంలో ఉంది. విదేశం నుంచి ఎవరో తమ గురించి ఆరా తీస్తున్నారన్న వార్త కూడా అక్కడివాళ్ళకు కష్టం తేగలదు. ఫేస్‌బుక్‌లో ఆవిడ చిన్ననాటి ఫోటో పెట్టి ‘మా పెద్దమ్మ’ అని రాయడం మాత్రం వద్దు.

వెతకాలని మీ అమ్మగారు పట్టుబడితే, రెడ్‌క్రాస్‌కు విడిపోయిన కుటుంబాలను వెతికిపెట్టే సేవ ఉంది. దొరికిన మనిషి ఒప్పుకుంటేనే వాళ్ళు ఆచూకీ చెబుతారు. అందుకే ఆ దారి నాకు నచ్చుతుంది, తలుపు తెరవాలో లేదో ఆవిడే నిర్ణయించుకుంటుంది. దరఖాస్తులో ఊరి పేరు పాతదీ కొత్తదీ రాయండి, 1989 నుంచి పెగూ పేరు బాగో. బర్మా వాళ్ళకు ఇంటిపేర్లుండవు, ఒట్టి పేరుతో వెతికితే వేలమంది వస్తారు. తల్లి పేరు, అమ్మమ్మ పేరు, ఫోటో తీసిన స్టూడియో ముద్ర, ఉత్తరాల మీది చిరునామా, ఇవే పనికొస్తాయి. ఆవిడకు ఇప్పుడు 70 ఏళ్ళుంటాయి. ఆలస్యమైతే అందకపోవచ్చన్నదీ నిజమే. ఏళ్ళ తరబడి జవాబు రాకపోవచ్చు, అసలే రాకపోవచ్చు. ఆ ఎదురుచూపు మీ అమ్మగారి ఒంటికి పడుతుందో లేదో పక్కనుండి చూసేది మీరే.

ఆఖరికి పెళ్ళి. మావయ్య భయాన్ని చిన్నచూపు చూడకండి. సంబంధాల దగ్గర మనవాళ్ళు ఎన్ని తరాలు తవ్వుతారో మనకు తెలియంది కాదు. కానీ ఈ మాటల్లో ఎక్కడా మీ మరదలి గొంతు వినపడలేదు. పెళ్ళి ఆమెది, నాయనమ్మ ఆమెది. ముందు ఆమెకు తెలియాలి, తండ్రి నోటితో తెలిస్తే మరీ మంచిది. ఆ తర్వాత నిశ్చితార్థానికి ముందే పెళ్ళివారికి చెప్పడం ఒక దారి. “మా అమ్మ బర్మా మనిషి, 1965లో కాందిశీకులుగా వచ్చాం” అని మావయ్యే అంటే అది ఒక వాక్యం, కొందరు వెనక్కి తగ్గొచ్చు. చెప్పకుండా కానిచ్చేయడం ఇంకో దారి. పెళ్ళి సాఫీగా అయిపోవచ్చు, కానీ ఎప్పుడో ఎవరో చెబితే అదే విషయం నేరంలా వినపడుతుంది, ఆ రోజు అత్తారింట్లో నిలబడి జవాబు చెప్పుకోవలసింది ఆ అమ్మాయి. నేనైతే మొదటి దారి వైపే ఉన్నాను. అయినా అది ఆ తండ్రీకూతుళ్ళు తేల్చుకోవలసినది, మీరు ముందుగా ఎవరికీ చెప్పకండి. ఏదో లోటును దాచినట్టు కాకుండా, ఉన్న సంగతిని చెప్పుకున్నట్టు మాట్లాడగలిగే ధైర్యం మావయ్యకు రావాలంటే, ఆయన తన అక్క గురించి ముందు ఇంట్లోనే నోరు విప్పాలి. అందుకే మళ్ళీ చెబుతున్నాను, ముందు ఆయన ఇంటికి వెళ్ళండి.

అమ్మమ్మ పుట్టిన తేదీ లేదని బాధపడ్డారు. తేదీ లేకపోయినా వారం ఉంది. బర్మాలో పుట్టిన వారాన్ని బట్టి పేరులో మొదటి అక్షరం పెడతారు. మీరు రాసిన పేరు ‘ఖి’తో మొదలైంది. క, ఖ, గ అక్షరాలు సోమవారానివి. ఆచారం పాటించి పెట్టిన పేరైతే ఆవిడ సోమవారం పుట్టింది.

ఇంకొకటి. చిన్నప్పుడు మీ అమ్మగారు దాగుడుమూతలాడుతూ కళ్ళు మూసుకుని ‘తిత్, నిత్, తోన్, లే, ఙా’ అని లెక్కపెట్టేవారనీ, అమ్మమ్మ నేర్పిన ఆ పిచ్చిమాటలకు పిల్లలంతా నవ్వేవారనీ ఉత్తరం చివర రాశారు. నా చిన్నతనంలో మా పక్కవాటాలో బర్మా నుంచి వచ్చిన కుటుంబం ఉండేది, ఆ మాటలు నాకు తెలుసు. అవి పిచ్చిమాటలు కావు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. పెగూలో ఆ అక్క కూడా దాగుడుమూతలకి ఇవే లెక్కపెట్టి ఉంటుంది. మీ అమ్మగారికి ఈ సంగతి ఈ పూటే చెప్పండి.